సీపీటీయా, ఓపీటీయా? ఎమ్మెస్ మధ్యలో ఇంటర్న్‌షిప్‌కి ఏ దారి పట్టాలి

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఎమ్మెస్ చేస్తున్న మనవాళ్లు ఇంటర్న్‌షిప్ వెతకడానికి పడే కష్టంలో పదో వంతు కూడా పర్మిషన్ సంగతి మీద పెట్టరు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక వాట్సాప్ గ్రూపులో అడుగుతారు: "సీపీటీ పెట్టాలా, ఓపీటీ వాడేయమంటారా?" అప్పటికి ఒక్కోసారి సమ్మర్ కోర్సుల రిజిస్ట్రేషన్ గడువు కూడా దాటిపోయి ఉంటుంది. సీపీటీ (కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్) అంటే చదువులో భాగంగా చేసే పనికి యూనివర్సిటీ ద్వారా వచ్చే అనుమతి; ఓపీటీ (ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్) అంటే మేజర్‌కి సంబంధించిన పనికి, ఎక్కువగా డిగ్రీ తర్వాత వాడుకునే అనుమతి. ఫాల్‌లో (ఆగస్టులో) చేరి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు చదువుతున్నవాళ్లలో ఎక్కువమందికి జవాబు తేలికే: సీపీటీ. మిగతావాళ్లకి మాత్రం కాస్త లెక్క వేసుకోవాలి.

ఆ లెక్క ఏమిటంటే, ఈ ఇంటర్న్‌షిప్ అయిపోయి డిగ్రీ చేతికొచ్చే నాటికి మీ ఖాతాలో ఎన్ని నెలల ఓపీటీ మిగిలి ఉంటుంది? ఓపీటీ ఒక్కో డిగ్రీ స్థాయికి 12 నెలలు. స్టెమ్ కోర్సయితే దాని మీద మరో 24 నెలలు పొడిగింపు. మొత్తం 36. హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీకి మార్చిలో రిజిస్ట్రేషన్, ఎంపికైతే అక్టోబర్ 1 నుంచి ఉద్యోగం. అంటే 36 నెలలున్నవాడికి మామూలుగా మూడు మార్చిలు వస్తాయి. స్టెమ్ కిందికి రాని ఎంబీఏ లాంటి చదువు చదివి 12 నెలలతో సరిపెట్టుకోవాల్సినవాళ్లకి చాలాసార్లు ఒకటే వస్తుంది. 2023-24లో అమెరికాలో ఉన్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో 97,556 మంది ఓపీటీ మీదే ఉన్నారు. ఆ నెలలకున్న విలువ అంత. సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం వాటిలో మూడు తీసి ఖర్చు పెట్టాలా అన్నదే అసలు ప్రశ్న.

సీపీటీ: ముందు కోర్సు, తర్వాత పని

సీపీటీ అంటే మీ సిలబస్‌లో భాగంగా చేసే పని. ఈ "సిలబస్‌లో భాగం" అన్నది ఏదో ఫార్మాలిటీ అనుకుంటారు చాలామంది. కాదు. దానికి చట్టబద్ధత వచ్చేదే అక్కడ. డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయి ఉండాలి, లేదా మీ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌షిప్ పేరుతో ఒక కోర్సు ఉండి, మీరు దానికి రిజిస్టర్ అయి క్రెడిట్ తెచ్చుకోవాలి. పని కూడా మీ మేజర్‌కి సంబంధించిందే కావాలి. డేటా సైన్స్ చదివేవాడు గ్యాస్ స్టేషన్ అకౌంట్లు చూస్తానంటే కుదరదు.

ఇందులో ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే ప్రభుత్వానికి అప్లికేషన్ పెట్టక్కర్లేదు. ఫీజు లేదు, పని అనుమతి కార్డు కోసం ఎదురుచూపులు లేవు. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉండే డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సెవిస్ అనే ప్రభుత్వ విద్యార్థి రికార్డుల సిస్టమ్‌లో ఆమోదించి కొత్త ఐ-20 (విద్యార్థి అర్హత పత్రం) ఇస్తారు. దాని రెండో పేజీ తెరిచి చూడండి. అక్కడ కంపెనీ పేరు, ఊరు, ఫుల్ టైమా పార్ట్ టైమా, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మీకున్న పర్మిషన్ అంతా ఆ వరుసే. అందులో లేని కంపెనీకి, ఆ తేదీలకి ఒకరోజు ముందైనా, ఒకరోజు తర్వాతైనా పనిచేస్తే అది అనుమతి లేని ఉద్యోగం. "సోమవారం జాయినింగ్, శుక్రవారం ఓరియంటేషన్‌కి ఒక్కసారి వచ్చి వెళ్లు" అని మేనేజర్ మంచి మనసుతో అన్నా సరే, వెళ్లకండి. లేదంటే ముందే తేదీ మార్పించుకుని వెళ్లండి. కంపెనీ మారినా, ప్రాజెక్టు ఇంకో రెండు వారాలు సాగినా డీఎస్ఓకి ముందు చెప్పాలి. పని చేసేశాక చెబితే వెనక తేదీతో సరిచేయడం వాళ్ల చేతుల్లో కూడా ఉండదు.

అర్హత విషయంలో ముఖ్యమైన షరతు ఒకటుంది: ఒక పూర్తి అకడమిక్ సంవత్సరం చదివి ఉండాలి. ఆగస్టులో చేరినవాళ్లు ఫాల్, స్ప్రింగ్ పూర్తిచేసి మే నాటికి అర్హులవుతారు. తొలి సమ్మర్ వాళ్లకి కలిసొస్తుంది. జనవరిలో చేరినవాళ్లకి మాత్రం అలా ఉండదు. ఒక్క సెమిస్టర్ అవగానే సమ్మర్ వచ్చేస్తుంది, అర్హత రాదు. సమ్మర్‌లో ఫుల్ కోర్సులు తీసుకుంటే దాన్ని కూడా సెమిస్టర్ కింద లెక్కేసే యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి గానీ, అలా లెక్కేసినా ఆ సమ్మర్ చదువుకే పోతుంది. హైదరాబాద్‌లో కూర్చుని "ఫాల్‌కి వీసా స్లాట్ దొరకలేదు, స్ప్రింగ్‌కి మార్చుకుంటాను, ఏముంది" అనుకునేవాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు. రెండేళ్ల కోర్సులో స్ప్రింగ్ బ్యాచ్‌కి ఇంటర్న్‌షిప్‌కి పనికొచ్చే సమ్మర్ రెండోదే. ఒకటిన్నర ఏడాదిలో ముగిసే కోర్సయితే ఆ రెండో సమ్మర్ నాటికి చదువు దాదాపు అయిపోతుంది. వాళ్లు చివరి స్ప్రింగ్ సెమిస్టర్‌లో పార్ట్ టైమ్ సీపీటీ చూసుకోవడమో, నేరుగా ఫుల్ టైమ్ ఉద్యోగాలకి అప్లై చేయడమో మేలు.

పార్ట్ టైమ్ అంటే వారానికి 20 గంటలు, అంతకు తక్కువ. అది దాటితే ఫుల్ టైమ్. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు గానీ అంతకు మించి గానీ వాడితే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ మొత్తం పోతుంది. అంతకు లోపు ఎంత వాడినా ఓపీటీ ఒక్కరోజు కూడా తగ్గదు. ఒక సమ్మర్ పన్నెండు వారాలు, మహా అయితే దాని తర్వాత ఒక సెమిస్టర్ కో-ఆప్ (చదువులో భాగంగా కంపెనీలో చేసే పని). ఇవన్నీ కలిపినా 12 నెలల దగ్గరికి పోదు. అందుకే ఈ విషయంలో మామూలు విద్యార్థి టెన్షన్ పడాల్సిన పనిలేదు. పార్ట్ టైమ్ సీపీటీ ఆ లెక్కలోకే రాదు.

క్రెడిట్ ఖరీదు ఎంత?

సీపీటీకి ప్రభుత్వ ఫీజు లేదన్నాను గానీ ఉచితం అనలేదు. ఇంటర్న్‌షిప్ కోర్సుకి ట్యూషన్ కట్టాలి. కొన్నిచోట్ల అది ఒక్క క్రెడిట్, కొన్నిచోట్ల మూడు, ఇంకొన్నిచోట్ల సున్నా క్రెడిట్‌తో నామమాత్రపు ఫీజు. క్రెడిట్‌కి 1,200 డాలర్లు అనుకుంటే మూడు క్రెడిట్లకి 3,600. గంటకి 30 డాలర్ల ఇంటర్న్‌షిప్, వారానికి 40 గంటల చొప్పున 12 వారాలంటే వచ్చేది 14,400. అందులో నాలుగో వంతు ట్యూషన్‌కే పోతుందన్నమాట.

ఇక్కడ తేడా తెచ్చేది ఒకటే: ఆ మూడు క్రెడిట్లు డిగ్రీకి కావాల్సిన 30 లేదా 36లో కలుస్తాయా, లేక వాటి మీద అదనమా? కలిస్తే ఒక ఎలెక్టివ్ తప్పినట్టే, ఎలాగూ కట్టాల్సిన డబ్బే. కలవకపోతే ఆ 3,600 పర్మిషన్ కోసం కట్టిన కట్నం. కోర్సు కేటలాగ్‌లో ఇది ఒక్క లైనులో రాసి ఉంటుంది. అది అర్థం కాకపోతే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి అడగండి, సీనియర్ మాట మీద ఆధారపడకండి. సీనియర్ చదివిన కేటలాగ్ వేరే ఏడాదిది అయి ఉండొచ్చు. స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు అది సమ్మర్ క్రెడిట్లకి వర్తిస్తుందో లేదో కూడా అదే మెయిల్‌లో అడిగేయండి. చాలా స్కాలర్‌షిప్‌లు ఫాల్, స్ప్రింగ్‌లకే.

క్రెడిట్ అన్నాక పని కూడా ఉంటుంది. మొదట్లో నేర్చుకోబోయేవాటి జాబితా, మధ్యలో ఒక రిపోర్ట్, చివర్లో ఇంకో రిపోర్ట్, సూపర్‌వైజర్ రాసే ఎవాల్యుయేషన్. దీన్ని ఒప్పుకునే ప్రొఫెసర్‌ని పట్టుకోవడానికే కొన్ని డిపార్ట్‌మెంట్లలో వారాలు పడుతుంది. ఏప్రిల్ ఆఖర్లో ప్రొఫెసర్లు పరీక్షల హడావిడిలో ఉంటారు కాబట్టి, ఆఫర్ రాకముందే "వస్తే మీ దగ్గర రిజిస్టర్ అవ్వొచ్చా" అని మార్చిలో అడిగి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ఆఫర్ లెటర్‌లో ఏముండాలో కంపెనీ హెచ్ఆర్‌కి మీరే చెప్పాల్సి వస్తుంది. కంపెనీ లెటర్‌హెడ్, మీ హోదా, చేసే పని నాలుగు లైన్లలో, మొదలు ముగింపు తేదీలు, వారానికి గంటలు, పనిచేసే చోటు పూర్తి అడ్రస్, సూపర్‌వైజర్ పేరు. "ఆన్ ఆర్ అబౌట్ మే 20" అని రాసిన లెటర్‌ని డీఎస్ఓ తిప్పి పంపేస్తారు. ఇంట్లోంచి పని అయితే ఏ అడ్రస్ వేయాలో ముందే కనుక్కోండి.

ప్రీ కంప్లీషన్ ఓపీటీ: ఎవరికి పనికొస్తుంది?

చదువు ముగియకముందే ఓపీటీలో కొంత భాగం వాడుకోవచ్చు. దీనికి క్రెడిట్ అక్కర్లేదు, కోర్సు అక్కర్లేదు, ఆఫర్ లెటర్ లేకుండానే అప్లై చేయొచ్చు. కార్డు వచ్చాక మేజర్‌కి సంబంధించిన పని ఏ కంపెనీలోనైనా చేసుకోవచ్చు. వినడానికి సీపీటీ కంటే ఇదే హాయిగా ఉంటుంది.

ధర చూడండి. పని అనుమతికి పెట్టే ఫారం ఐ-765కి 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు ఆన్‌లైన్‌లో 470 డాలర్లు, కాగితం మీద 520. కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు. చేతికి వచ్చేదాకా పనిలో చేరకూడదు. మే 20న జాయినింగ్ ఉండి జూన్ 15న కార్డు వస్తే, పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్‌లో నాలుగు వారాలు గోవిందా. కంపెనీ ఆగితే సరే, ఆగకపోతే ఆఫరే పోతుంది.

అసలు నష్టం వేరే ఉంది. సమ్మర్‌లో మూడు నెలలు ఫుల్ టైమ్ చేస్తే డిగ్రీ తర్వాత ఓపీటీ తొమ్మిది నెలలే మిగులుతుంది. సెమిస్టర్ జరుగుతుండగా వారానికి 20 గంటలకి మించకూడదు, ఆ పార్ట్ టైమ్‌ని సగం లెక్కన కోస్తారు. నాలుగు నెలలు చేస్తే రెండు నెలలు పోయినట్టు. స్టెమ్‌వాళ్లకి 24 నెలల పొడిగింపు చెక్కుచెదరదు కాబట్టి 36కి బదులు 33 మిగులుతాయి, అది తట్టుకోవచ్చు. నాన్ స్టెమ్ విద్యార్థికి ఉన్న 12లో మూడు పోవడమంటే మామూలు దెబ్బ కాదు.

అయినా దీన్ని ఎంచుకోవాల్సిన వాళ్లున్నారు. కొన్ని డిపార్ట్‌మెంట్లలో ఇంటర్న్‌షిప్ కోర్సే ఉండదు. కొన్ని యూనివర్సిటీలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయిన డిగ్రీలకే సీపీటీ ఇస్తాయి. అలాంటిచోట పెద్ద కంపెనీ నుంచి మంచి ఆఫర్ వస్తే, స్టెమ్ విద్యార్థి మూడు నెలల ఓపీటీ వదులుకుని వెళ్లడం సరైన నిర్ణయమే అంటాను. ఆ ఇంటర్న్‌షిప్ రిటర్న్ ఆఫర్‌గా (అదే కంపెనీలో ఉద్యోగంగా) మారితే పోయిన మూడు నెలలు ఎవరికీ గుర్తుండవు. చిన్న స్టార్టప్‌లో జీతం లేని పనికైతే వద్దు.

జీతం లేదు కాబట్టి పర్మిషన్ అక్కర్లేదనుకోవడం కూడా ఒక అపోహే. లాభాల కోసం నడిచే కంపెనీలో, జీతమిచ్చే ఉద్యోగి చేసే పనే మీరు ఉత్తినే చేస్తే దాన్ని వాలంటీరింగ్ అనరు. జీతం ఉన్నా లేకపోయినా సీపీటీ పెట్టుకుని చేయడమే క్షేమం. రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో "ఇంటర్న్" అని రాసుకున్న ప్రతి నెలకీ రేపు ఎవరైనా పర్మిషన్ అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి.

ఈ రెండూ కాకుండా

క్యాంపస్‌లో పని ఉంది. ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్, సెమిస్టర్‌లో వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్ టైమ్ కూడా చేయొచ్చు. సీపీటీ గొడవ లేదు, ఓపీటీ తగ్గదు. స్ప్రింగ్ బ్యాచ్ వాళ్ల తొలి సమ్మర్‌కి నా ఓటు దీనికే. కెఫెటేరియా కంటే ల్యాబ్ దొరికితే రెజ్యూమెకి కూడా అక్కరకొస్తుంది.

సమ్మర్‌లో ఇంటికెళ్లి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అక్కడి కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసుకునే దారి కూడా ఉంది. అమెరికా బయట, అమెరికా బయటి కంపెనీకి చేసే పనికి సీపీటీతో సంబంధం లేదు. స్టైపెండ్ రూపాయల్లో వస్తుంది, టికెట్ ఖర్చు డాలర్లలో పోతుంది. ఆ మాటకొస్తే సబ్‌లీజ్ ఇచ్చి వెళ్తే రెంట్ కూడా మిగులుతుంది. తిరిగి వచ్చేటప్పటికి వీసా స్టాంపింగ్ గడువు, ఐ-20 మీద ట్రావెల్ సంతకం చూసుకోండి.

ఇక డే వన్ సీపీటీ. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇంటర్న్‌షిప్ తొలిరోజు నుంచే అవసరమయ్యే గ్రాడ్యుయేట్ కోర్సులకి ఏడాది షరతు నుంచి మినహాయింపు నిబంధనల్లోనే ఉంది. కాబట్టి అది దానంతటదే నేరం కాదు. కానీ దాన్ని అమ్మే తీరు వేరు. "జాయిన్ అవ్వు, మొదటిరోజు నుంచే ఫుల్ టైమ్ పని, క్లాసులు నెలకోసారి" అని ఫోన్లు చేసేవాళ్లు చెప్పేది చదువు గురించి కాదు. 2011లో కాలిఫోర్నియా ప్లెజంటన్‌లోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు వేసిన ఫోటోలు తెలుగు పేపర్లలో వచ్చాయి. దాన్ని నడిపినామెకి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అక్కడ క్లాసులూ లేవు, ప్రొఫెసర్లూ లేరు, దాన్ని నడిపింది హోంలాండ్ సెక్యూరిటీ అండర్‌కవర్ ఏజెంట్లు. అందులో సీపీటీ కోసం చేరినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్లు ఫీజులు పోగొట్టుకున్నారు, స్టేటస్ పోగొట్టుకున్నారు.

నిజమైన క్లాసులున్న డే వన్ కోర్సులు కూడా ఉన్నాయి. అక్కడ చదివినా, హెచ్-1బీకి మారేటప్పుడు అటెండెన్స్, సిలబస్, పనికీ కోర్సుకీ ఉన్న సంబంధం అన్నీ చూపించమని అడిగే అవకాశం ఎక్కువ. ఎమ్మెస్ మధ్యలో ఒక్క సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం యూనివర్సిటీ మారి ఇందులోకి వెళ్లడానికి నాకైతే ఒక్క కారణం కూడా కనబడదు.

కన్సల్టెన్సీలో "సీపీటీ మీద పెట్టుకుంటాం, ప్రాజెక్టు వచ్చాక జీతం" అన్నా అంతే. పని లేని రోజులకి ఐ-20 మీద తేదీలు నడుస్తుంటాయి, అడ్రస్‌లో రాసినచోట మీరు ఉండరు. ఆ లెటర్‌ని డీఎస్ఓకి ఇచ్చినవాళ్లు మీరే అవుతారు, కన్సల్టెన్సీ కాదు.

మరి ఎవరు ఏది?

ఫాల్‌లో చేరి, డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌షిప్ కోర్సు ఉన్నవాళ్లు ఆలోచించకుండా సీపీటీ. నాన్ స్టెమ్ వాళ్లయితే క్రెడిట్లకి అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చినా సీపీటీనే, ఆ 12 నెలలు అంత విలువైనవి. కోర్సు లేని స్టెమ్ విద్యార్థికి ప్రీ కంప్లీషన్ ఓపీటీ, అది కూడా మంచి ఆఫర్ ఉంటేనే. అప్లికేషన్ మాత్రం ఫిబ్రవరిలోనే పెట్టేయాలి. మొదలుపెట్టాలనుకునే తేదీకి 90 రోజుల ముందు నుంచే పెట్టే అవకాశం ఉంటుంది.

చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లకి మాత్రం ఒక హెచ్చరిక. సీపీటీ ప్రోగ్రామ్ ముగిసే తేదీ దాటి ఉండదు. ఇంటర్న్‌షిప్ కోసమే గ్రాడ్యుయేషన్ వాయిదా వేసుకుంటానంటే చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. అలాంటివాళ్లు పోస్ట్ కంప్లీషన్ ఓపీటీకి (డిగ్రీ ముగిశాక వాడే ఓపీటీకి) వెళ్లిపోవడమే. దానికి ప్రోగ్రామ్ ముగియడానికి 90 రోజుల ముందు నుంచి ముగిసిన 60 రోజుల వరకు అప్లై చేయొచ్చు, డీఎస్ఓ సెవిస్‌లో సిఫార్సు చేసిన 30 రోజుల్లోపు అది ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి చేరాలి. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే కాబట్టి, ఇంటర్న్‌షిప్ ముగిసిన మర్నాటి నుంచి ఆ మీటర్ తిరుగుతుందని గుర్తుంచుకుని తేదీ ఎంచుకోండి. స్టెమ్ పొడిగింపుకి వెళ్లేనాటికి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టాలి. ఇంటర్న్‌షిప్ ఇచ్చిన చిన్న కంపెనీ అందులో ఉందో లేదో చేరేటప్పుడే అడిగేస్తే రేపటి ఉద్యోగం సంగతీ తేలిపోతుంది.

అప్లికేషన్ ఫారాల్లో రెండు ప్రశ్నలు వరుసగా వస్తాయి. అమెరికాలో పనిచేయడానికి అనుమతి ఉందా అంటే, సీపీటీకి అర్హత ఉండి మొదలయ్యే తేదీకి పర్మిషన్ వస్తుందనుకుంటే ఉందనే పెట్టండి. భవిష్యత్తులో స్పాన్సర్‌షిప్ అవసరమా అంటే హెచ్-1బీ కావాలనుకునేవాళ్లకి అవసరమే, అలాగే రాయండి. దీనికి "నో" పెట్టి ఇంటర్వ్యూ దాకా వెళ్లి అక్కడ బయటపడడం కంటే ఇదే నయం.

పర్మిషన్ వచ్చాక ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేనివాళ్లు జాయినింగ్‌కి 30 రోజుల ముందు నుంచి సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అప్లై చేసుకోవచ్చు. సీపీటీ ఉన్న ఐ-20, పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు), ఆఫర్ లెటర్ పట్టుకెళ్లండి. తొలిరోజు కంపెనీ ఐ-9కి (పని అర్హత సరిచూసే ఫారానికి) అడిగేది కూడా పాస్‌పోర్ట్, ఐ-94, ఐ-20లే. కార్డు చూపించమని హెచ్ఆర్ పట్టుబడితే సీపీటీకి కార్డు ఉండదని మర్యాదగా చెప్పండి. చిన్న కంపెనీల్లో తెలియనివాళ్లు ఉంటారు.

మొదటి పే స్టబ్ వచ్చాక సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని రెండు కోతలు ఉన్నాయేమో చూడండి. రెండూ కలిపి 7.65 శాతం. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్‌గా ఉన్నవాళ్లు అవి కట్టక్కర్లేదు. పైన చెప్పిన 14,400 మీద అది 1,100 డాలర్లకి పైనే. పేరోల్ వాళ్లకి చెబితే ఆ ఏడాదిలోనే వెనక్కి ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి ఫారం 843, 8316 పెట్టాలి. ఇండియా అమెరికా పన్నుల ఒప్పందం 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది, చాలా దేశాల వాళ్లకి లేదు. 2024 ఆదాయానికి అది 14,600. అంటే ఆ ఏడాది ఇంటర్న్‌షిప్ తప్ప వేరే సంపాదన లేనివాడి 14,400 మీద ఫెడరల్ ఆదాయపు పన్ను సున్నా. పట్టుకున్నది ఏమైనా ఉంటే నాన్ రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్ఆర్ ఫైల్ చేసి తిరిగి తెచ్చుకోవచ్చు.